కుర్చీ అడుగున గాడిద

కూర్చోవడానికి కాని కుర్చీలు కొనేవాళ్లంటే క్లోవిస్‌కి మొదటి నుంచీ చులకన. చులకన అనడం మర్యాద కోసం, నిజానికి పరమ అసహ్యం. రియోలో సముద్రం ఒడ్డున అద్దాల గోడల గ్యాలరీ నడిపే ఎలోయీజా పాత జకరండా కలప కుర్చీలను అందులో నిలబెట్టి, ఎవరూ కూర్చోకుండా చుట్టూ తాడు కట్టింది. కొనడానికొచ్చినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని వాటి చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు. “ఆహా, ఆ వంపు చూడండి” అంటారు. ఆ వంపు ఎవడు తీశాడని అడిగిన పాపాన పోరు.

ఇవే కుర్చీలను వీళ్ల అమ్మలు ఎనభైల్లో వీధిలో పారేసి ఫార్మైకా బల్లలు కొనుక్కున్నారు. పనిమనిషికి ఊరికే ఇస్తామన్నా, “ఇంత బరువు మా కొండ మెట్లెక్కించేదెవరమ్మా” అని ఆవిడా వద్దంది. క్లోవిస్ ఇదంతా కళ్లారా చూశాడు. ఇప్పుడు ఆ చెట్టు కొట్టడం నేరమైంది, బొమ్మ గీసిన ఆర్కిటెక్టు పోయాడు. దాంతో అందరికీ ఒక్కసారిగా కళ్లు తెరుచుకున్నాయి.

క్లోవిస్‌కి డెబ్బై ఎనిమిదేళ్లు. లక్క పాలిష్ పట్టడం అతని పని. ఇరవయ్యో ఏట సావ్ క్రిస్తొవావ్ పేటలో ఒక వడ్రంగి షెడ్డులో మొదలుపెట్టాడు. ఆర్కిటెక్టు కాగితం మీద గీసి పంపేవాడు. నెలకోసారి తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చి, రంపపు పొట్టు అంటకుండా గుమ్మంలోనే నిలబడి చూసి పోయేవాడు. కుర్చీలు చేసింది వల్దొమీరో. క్లోవిస్ పెళ్లాడబోయే నెవుజాకి అన్న. ఆ కుర్చీల్లో వాళ్లెవరూ ఒక్కసారైనా కూర్చోలేదు. మధ్యాహ్నం ఖాళీ పెట్టెల మీద కూర్చుని అన్నం, నల్ల చిక్కుళ్లు తినేవారు.

ఆ షెడ్డులో పనికంటే శ్రద్ధగా సాగింది జంతువుల లాటరీ. ఇరవై అయిదు జంతువులు, ఒక్కోదానికి చివరి రెండంకెల లెక్కన నాలుగేసి నంబర్లు. చీటీ జేబులో దొరికితే పోలీసులు పట్టుకుపోతారు కాబట్టి, ఎవడు చేస్తున్న సామాను అడుగున వాడు పెన్సిలుతో నంబరూ తేదీ రాసుకునేవాడు. పందేలు కట్టించుకునే జెరాల్దో పొద్దున్నే వచ్చి, వంగి చూసి, పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు. టిక్కు పడితే పందెం పడ్డట్టే. ఫలితం తెలిశాక ఉప్పుకాగితంతో గీకేసేవారు.

వల్దొమీరోది ఏ రోజైనా ఒకటే నంబరు, 4712. చివర పన్నెండు వస్తే గాడిద. “ఈ షెడ్డులో నాకు ఎదురుచెప్పనిది అదొక్కటే” అనేవాడు.

1963 ఆగస్టు పద్నాలుగున, బుధవారం నాడు, ఆ గాడిద తగిలింది. శనివారం నెవుజా పెళ్లి. పందిని కాల్పిస్తాను, బ్యాండు పెట్టిస్తాను అని వల్దొమీరో వీధంతా చాటాడు. తీరా చూస్తే ఆ రోజు నంబరు రాసిన కుర్చీ మధ్యాహ్నమే లారీ ఎక్కి బ్రసీలియా దారి పట్టింది. అర్జంటు ఆర్డరని దాన్ని స్వయంగా మోసుకెళ్లి లారీ ఎక్కించింది కూడా ఆ మహానుభావుడే. జెరాల్దో తొణకలేదు. “ఇవాళ నువ్వు కట్టలేదు. కడితే టిక్కు చూపించు” అన్నాడు.

పెళ్లికొచ్చినవాళ్లు అన్నం, చిక్కుళ్లు తిని లేచారు. కన్నతల్లే వల్దొమీరోని అబద్ధాలకోరు అంది. క్లోవిస్ రెండాకులు ఎక్కువే చదివాడు. “ఏం బావా, గాడిద ఇంకా బ్రసీలియా చేరలేదా?” అని ముప్పై ఏళ్లు ఏడిపించాడు. వల్దొమీరో ఒక్కనాడూ నవ్వలేదు. ఏ ఆఫీసుకెళ్లినా, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అక్కడి కుర్చీ తిరగేసి చూసేవాడు. అలా తిరగేస్తూనే ఒకరోజు పోయాడు.

అతని చావు తర్వాత పాతికేళ్లకు పైగా గడిచాక, ఎలోయీజా పాలిష్ కోసం పంపిన ఒక కుర్చీని క్లోవిస్ తన బల్ల మీద బోర్లించాడు. చట్రం మీద పెన్సిలు రాత. 4712, కింద 14-8-63. పక్కన ఎర్ర టిక్కు.

అక్కడే ఉన్న పెట్టె మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు తను కూసిన కూతలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, సిగ్గుతో ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

మర్నాడు ఎలోయీజా పని చూడ్డానికొచ్చింది.

“చూశావా తాతా, ఆర్కిటెక్టు మాస్టారి సొంత చేతిరాత. వరస నంబరు, పూర్తయిన తేదీ. ఆ ఎర్రది ఆయన ఆమోదం. పారిస్‌లో కొన్నాయన దీనికే పడిపోయాడు.”

“అది గాడిదమ్మా” అన్నాడు క్లోవిస్.

“ఏంటి?”

“గాడిద. మా బావ కట్టిన పందెం. ఆ టిక్కు పెట్టినవాడు రోజంతా సారాకొట్టు ముందు కూర్చునేవాడు. మీ మాస్టారు ఈ కుర్చీని ముట్టుకోను కూడా లేదు.”

ఎలోయీజా ముద్దుగా నవ్వింది. “ఎంత బాగా చెప్తావు తాతా. కానీ ఇది మాస్టారి చేతిరాతేనన్న పత్రం అచ్చయిపోయిందిగా.”

“అయితే మళ్లీ అచ్చువెయ్యండి. చేసింది వల్దొమీరో అని ఒక్క ముక్క.”

“వల్దొమీరో ఎవరని అడిగితే నేనేం చెప్పను? జనం కొనేది పేరుని, తాతా. అడుగున మాత్రం చెయ్యి పెట్టకు. పైన మెరిపించు, చాలు. శుక్రవారం తీసుకెళ్తారు.”

వడ్రంగి చేతిరాతకీ ఆర్కిటెక్టు చేతిరాతకీ తేడా తెలియని మనిషి, కలప గురించి లోకానికి పాఠాలు చెబుతోంది. క్లోవిస్‌కి ఒళ్లు మండిపోయింది. గురువారం పొద్దున్నే నెవుజాని వెంటబెట్టుకొచ్చాడు.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. అంకెల వెంట వేలు నడిపింది.

“అన్న ఏడు అంకె ఇలాగే వేసేవాడు, నడుం మీద అడ్డగీతతో” అంది. “అమ్మ చచ్చేదాకా అన్నని అబద్ధాలకోరనే అంది. నువ్వూ అన్నావు.”

“అన్నాను.”

“నువ్వు ఎక్కువ అన్నావు.”

“అవును.”

అతను కుర్చీని నిలబెట్టాడు. నెవుజా అడక్కుండానే అందులో కూర్చుంది. లోపలికి దిగిపోయి, కుర్చీ చేతుల మీద అరచేతులతో రాసింది. “బాగానే చేశాడు, వెధవ” అని కళ్లు తుడుచుకుంది. “లేవడానికి చెయ్యివ్వు. ఇది కుర్చీయా, గొయ్యా? ఆవిడ ముట్టుకోవద్దన్నది ఎక్కడ?”

“అడుగున.”

“మరి నా ముఖం చూస్తావేం?”

క్లోవిస్ కుర్చీని మళ్లీ బోర్లించి సన్న ఉలి తీశాడు. పెన్సిలు రాతకి తగలకుండా, దాని కిందే చెక్కాడు. వల్దొమీరో చేశాడు. పందెం కట్టాడు. పెచ్చు లేచిన చోటల్లా జకరండా ఇంకా గులాబీ వాసన వేసింది.

“ఆవిడ చూస్తే?” అంది నెవుజా.

“చూడనీ. ఇది ఉప్పుకాగితానికి పోదు.”

పొట్టు ఊదేసి, చెవి మీది ఎర్ర పెన్సిలు తీసి, బావ పేరు పక్కన టిక్కు పెట్టాడు.