ముసలి మొహం ఎవరిది

చుక్కలమ్మకు ఆ పేరు పెట్టింది ఎవరోగానీ, అతికినట్టు సరిపోయింది. గ్రాఫిక్స్ స్టూడియోలో ఆవిడ రోజంతా చేసేది మొహాల మీద చుక్కలు పెట్టడమే. నలభై దాటిన మనిషి. ముక్కు మీద కోపం. కళ్లజోడు పైనుంచి చూసిందంటే ఎదుటివాడు తను చేయని తప్పు కూడా ఒప్పేసుకుంటాడు.

ఒకరి మొహం చూస్తుండగానే ఇంకొకరి మొహంగా మారిపోవడాన్ని మార్ఫింగ్ అంటారు. మొదటి మొహంలో ఎడమ కంటి కొన మీద ఒక చుక్క పెట్టాలి, రెండో మొహంలో అదే కొన మీద దాని జోడు చుక్క పెట్టాలి. ముక్కుపుటాలకు, పెదవుల మూలలకు, దవడకు, చెవులకు కూడా అంతే. కంప్యూటరు ఆ జోడు చుక్కలు పట్టుకుని రెండు మొహాలనూ ఒకదానివైపు ఒకటి లాగుతుంది. లాగుతూనే మొదటిదాన్ని రెండోదాన్లోకి కరిగిస్తుంది. చూసేవాళ్లకు అది మాయ. పెట్టేవాళ్లకు మెడనొప్పి. చేరిన కొత్తలో చుక్కలమ్మ ఒక అందగత్తె ఎడమ కన్నును ఇంకో అందగత్తె కుడి కన్నుతో జోడు కట్టేసింది. మధ్యలో ఆ మొహం పిండిన గుడ్డలా మెలితిరిగింది. ఆ ముక్కను స్టూడియోలో ఇప్పటికీ దాచుకుని కొత్తవాళ్లకు వేసి నవ్వుతారు. ఆ సంగతి తెలిసిన రోజు ఆవిడ వాళ్లను కాల్చుకు తింటుంది.

ఇంత ఒళ్లుమంట ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, కన్నతండ్రి దగ్గర్నుంచే. సినిమావాళ్లు ఆయన్ని పెద్ద మేకప్పు అనేవారు. తండ్రీకూతుళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కూతురు ఆ ఇంటికి వెళ్లేది ఆయన లేని పూట చూసుకునే. తల్లి ఇద్దరి మధ్యా నోరెత్తేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన వెంట సెట్టుకు వెళ్లి జిగురు కలిపి, గడ్డానికి వెంట్రుకలు చిక్కు తీసి అందించేది. ఇప్పుడు ఇంట్లో ఆయనకు మాత్రలు అందిస్తోంది.

కంప్యూటర్లు రాకముందు తెరమీద మొహాలు మార్చింది ఆయనలాంటివాళ్లే. నటుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, తల కదలకుండా మెడ వెనక ఇనప పట్టీ బిగించేవాళ్లు. కెమెరాను నేలకు దిగ్గొట్టినట్టు నిలబెట్టేవాళ్లు. ఒక ముడత గీసి కాస్త ఫిల్మ్ తిప్పి ఆపడం, కాసిని తెల్లవెంట్రుకలు అతికించి ఇంకాస్త తిప్పడం. ఆ ముక్కలన్నీ ల్యాబులో ఒకదాన్లోకి ఒకటి కరిగిస్తే, కుర్రాడు కూర్చున్నచోటే ముసలివాడయ్యేవాడు. అలాంటి షాటు ఒకటి పెద్ద మేకప్పును ఆకాశానికెత్తింది. జైలు గదిలో ఖైదీ కిటికీవైపు చూస్తూ చూస్తూ వయసంతా అక్కడే పోగొట్టుకుంటాడు. ఆఖర్న ఆ ముసలి కళ్లలో దిగులు చూసి జనం ముక్కులు చీదుకున్నారు. ఆ కళ్లకుగాను ఖైదీ వేషం వేసిన హీరోకు బహుమతి కూడా వచ్చింది. పెద్ద మేకప్పు మాత్రం ఆ షాటును జీవితాంతం నెత్తిన పెట్టుకుని తిరిగాడు.

కూతురు చిన్నప్పుడే ఆయన కుంచెలు దొంగతనంగా తీసి పక్కింటి పిల్లలకు మీసాలు, గాయాలు వేసేది. గాయాలు ఎంత బాగా వేసేదంటే ఒకావిడ తన కొడుకును ఆస్పత్రికి ఎత్తుకుపోయింది. పెద్దయ్యాక మేకప్పు సంఘంలో కార్డు అడిగింది. కార్డు లేకపోతే సెట్టులో అడుగు పెట్టనివ్వరు. అప్పుడు సంఘానికి పెద్ద ఆయనే. నిండు మీటింగులో అందరి ముందూ, "ఆడవాళ్ల చేతికి కుంచె నిలవదు. కుదరదు," అన్నాడు. కూతురు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆ మాట వింటూ ఆయన మొహంలోకి చూసింది. ఆయన కాయితాల్లోకి చూశాడు.

మర్నాడే వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది. తండ్రిమీద కోపంతోనే నేర్చుకుంది, కోపంతోనే పైకొచ్చింది. మొదట్లో బొమ్మమీద వలలాంటి గీతలు పరిచి ఒక్కో ముడినీ లాగేవారు. తర్వాత చుక్కలు వచ్చాయి. ఇప్పుడు మీట నొక్కితే అదే చుక్కలు వెతుక్కునే సాఫ్ట్‌వేరు కూడా వచ్చింది, ఆవిడ దాన్ని నమ్మదు. ఆవిడ చుక్కలొచ్చాక మెడకు పట్టీలు బిగించే పని మూలపడింది. పెద్ద మేకప్పును పిలిచేవాళ్లు లేకుండా పోయారు. ఎవరి ఇంట్లోనో ఎదురుపడినప్పుడు ఆయన కడుపుమంట కక్కేశాడు.

"నేను ఒకే మనిషి వయసు మార్చాను. నిజాయితీ పని. నువ్వు ఒకడి మొహం పీకి ఇంకొకడికి తగిలిస్తున్నావు. అది దొంగతనమే!"

"నీ నిజాయితీ ఎవరిక్కావాలి నాన్నా, జనం నాదే చూస్తున్నారు," అంది కూతురు. ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఇద్దరికీ మాటల్లేవు.

ఇలా ఉండగా ఆ జైలు సినిమాను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసే పని వీళ్ల స్టూడియోకే వచ్చింది. ఓనరు లోకంలో దేన్నైనా నున్నగా చేయాలనుకునే మనిషి. బట్టతల కూడా నున్నగా మెరిసేలా చూసుకుంటాడు. "మేడం, ఆ ముసలివాడయ్యే షాటు కుదుపులు కుదుపులుగా ఉంది. ఈ కాలం పిల్లలు నవ్వుతారు. మొదటి మొహం, ఆఖరి మొహం ఉంచి, మధ్యదంతా మీ చుక్కలతో లాగించెయ్యండి," అన్నాడు. తండ్రి చేసినదంతా చెరిపేయమని కూతురికి చెప్పడమే అది. ఇంకొకరైతే వద్దనేవారు. చుక్కలమ్మ ఆ సాయంత్రం స్వీట్లు కొనుక్కుని ఇంటికెళ్లింది. అంత కక్ష.

మర్నాడు పని మొదలుపెట్టింది. ఒకే మనిషి మొహం కాబట్టి చుక్కలు చకచకా కుదరాలి. కుదరలేదు. కుర్రమొహంలో కంటి లోపలి మూలలమధ్య ఉన్న ఎడం ముసలిమొహంలో లేదు. మేకప్పు ముక్కును లావు చేస్తుంది, చెంపను వేలాడదీస్తుంది, కళ్లను మాత్రం దగ్గరికి జరపలేదు. తనదే పొరపాటనుకుని అన్నీ తీసేసి మళ్లీ పెట్టింది. ఈసారి చెవి దగ్గర ఆగిపోయింది. కుర్రవాడి చెవి తమ్మె దవడకు అంటుకుని ఉంది. ముసలివాడి తమ్మె విడిగా వేలాడుతోంది, పైన అంచు కాస్త మడత పడి ఉంది. ఆ మడత చుక్కలమ్మకు బాగా తెలుసు. దువ్వుకునేటప్పుడు రోజూ అద్దంలో తన చెవికి కనిపించేదే.

ముక్కలన్నీ వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. సగందాకా హీరోనే ఉన్నాడు. సగంనుంచి కుర్చీలో కూర్చున్నది తన తండ్రి. ఒకణ్ణి ఇంకొకడిలోకి కరిగించి, దాన్ని ఒకే మనిషని లోకాన్ని నమ్మించి, పైగా తనను దొంగ అన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లంతా మండిపోయింది. ఇన్నేళ్ల తర్వాత తనే ఫోన్ చేసి, "నీ షాటు నా ముందుంది, వచ్చి చూసుకో," అని పెట్టేసింది.

ఆయన చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. గది గుమ్మంలోంచే ఒంటికాలిమీద లేచాడు.

"ఎవరే నిన్ను ముట్టుకోమంది? నా పని మీద నీ చుక్కలేంటే?"

చుక్కలమ్మ చెవిని తెర నిండా పెద్దది చేసి చూపించింది. పెద్దాయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ఆ హీరో వెధవ మెడ పట్టేసిందని, జిగురుకు దురద పుడుతోందని తిట్టుకుంటూ పట్టీ ఊడదీసుకుని కారెక్కి పోయాడు," అన్నాడు. "మర్నాడు సెట్టు పీకేస్తారు. మా ఇద్దరివీ ఒకేలాంటి కోల మొహాలు. కెమెరామన్ కెమెరాలో చూసే అద్దంమీద వాడి మొహం అంచు గీసి ఉంచాడు, నన్ను అందులో ఇరికించాడు. ఇప్పుడు వాళ్లెవరూ లేరు. ఎవరికి చెప్పాలి?"

"నువ్వు కూర్చున్నావు సరే. తల పట్టీలో ఉంది. మెడమీద, చెవి వెనక ముడతలెవరు వేశారు?"

ఆయన చేతికర్ర వైపు చూసుకున్నాడు.

చుక్కలమ్మ ముసలి మొహాన్ని ఇంకా దగ్గరికి తెచ్చింది. సగందాకా గీతలు బరువుగా, కిందినుంచి పైకి ఉన్నాయి. అది తండ్రి చేతివాటం. ఆ తర్వాతివి సన్నగా ఉన్నాయి, ఊపిరి పీల్చినట్టు మొదలై ఎక్కడ ఆగాయో తెలియకుండా చర్మంలో కలిసిపోయాయి. జనం ఏడ్చింది ఈ ముక్కలు చూసే.

"మీ అమ్మ," అన్నాడు పెద్ద మేకప్పు.

చుక్కలమ్మ కుర్చీ వెనక్కి తోసి లేచింది. "అమ్మ పని తిని బతికావా! ఆడదాని చేతికి కుంచె నిలవదని నిండు మీటింగులో అన్నావే, అప్పుడు సిగ్గెయ్యలేదా?" అని అరిచింది. ఆ అరుపుకు ఓనరు పరుగెత్తుకొచ్చాడు. సంగతంతా విన్నాక అతని మొహం వెలిగిపోయింది. పత్రికలవాళ్లకు ఇంతకంటే మంచి కబురు దొరకదు. ఇంత కథ ఉంటే కుదుపులున్నా ఫరవాలేదు, షాటు యథాతథంగా ఉంచుదామన్నాడు. అయితే అసలు ఎవరు చేశారో పెద్దాయన తన నోటితో చెప్పాలి, తెరమీద వేసే పేర్లలో ఆయన భార్య పేరు పడాలి.

చుక్కలమ్మ తండ్రివైపు వేలు చూపించింది. "చెప్తే నీ షాటు ఉంటుంది, నీ పేరు సగం పోతుంది. చెప్పకపోతే రేపు సాయంత్రానికి మొత్తం చెరిపేస్తాను. నీ ఇష్టం."

ఆయన లేచి వెళ్లిపోయాడు. పేరు కోసం ప్రాణం ఇచ్చే మనిషి, చచ్చినా చెప్పడనే ఆవిడ అనుకుంది. చెప్పకూడదనే కోరుకుంది కూడా.

మర్నాడు ఆయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఓనరు ముందు నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు, "సగంనుంచి ఈవిడే చేసింది," అనేసి కిటికీ దగ్గరికి పోయాడు. తల్లి ముందు వరసలో కూర్చుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, షాటు మొదటినుంచి చివరిదాకా చూసింది.

"ఆ కళ్లలో అంత దిగులు ఎలా తెప్పించారమ్మా?" అని అడిగాడు ఓనరు చేతులు నలుపుకుంటూ.

"దిగులేంటి నాయనా. పెళ్లాం చేత మేకప్పు వేయించుకోవాల్సి వచ్చిందన్న ఏడుపది. జన్మలో ఆ ఒక్క పూటే నేను చెప్పినట్టు కదలకుండా కూర్చున్నాడు."

ఓనరు పగలబడి నవ్వాడు. చుక్కలమ్మ నవ్వలేదు. తండ్రి మీదికి తిరిగింది.

"ఇంత పనిమంతురాలు ఇంట్లో ఉండగా నాకు కార్డు ఎందుకు ఇవ్వలేదు? ఇవాళ అది కూడా చెప్పు."

ఆయన భార్యవైపు చూశాడు. తల్లి సంచీ సర్దుకుంది.

"ఆయన్ని ఎందుకే పీకుతావు? ఇద్దామనే అన్నాడు. వద్దన్నది నేను."

తల్లి కూతురి కళ్లలోకి చూస్తూనే చెప్పింది.

"నీ మంచికేనని చెప్పొచ్చు. నాలాగా నువ్వూ చాకిరీ చేసి పేరు ఇంకొకరికి పెట్టడం ఎందుకని. ఇన్నేళ్లూ నేను కూడా అదే అనుకున్నాను. కానీ కాదే. పక్కింటివాళ్ల పిల్లాడికి గాయం వేశావు చూడు, అది చూసినప్పుడే తెలిసింది నువ్వు నాకంటే గొప్పదానివని. నీకు కార్డొస్తే సెట్టులో నీక్కూడా నేనే జిగురు కలపాలి. నాకు కుళ్లు పుట్టింది. ఇవ్వడానికి వీల్లేదని మీ నాన్న కాళ్లకు అడ్డం పడ్డాను. ఇస్తే షాటు సంగతి అందరికీ చెప్పేస్తానన్నాను. ఆయన భయపడ్డాడు."

"నన్ను ఇన్నేళ్లు ఆయన్ని తిట్టనిచ్చావా?" అంది చుక్కలమ్మ.

"తిట్టనిచ్చాను. ఆయనకేం, తిట్లు తినడం అలవాటే," అంది తల్లి. తర్వాత తెరవైపు చూపించి, "మెడ దగ్గర ఆ రెండో ముడత ఎక్కువైంది. దాన్ని ముట్టుకోకు, అలాగే ఉండనీ. నాదని తెలియాలి," అంది.

చుక్కలమ్మ తెరమీద పెట్టిన చుక్కలన్నీ తీసేసింది. పేర్ల పలక తెరిచి తండ్రి పేరు కింద తల్లి పేరు కొట్టింది. తల్లి వెనకనుంచి వంగి, "పైన వెయ్యి," అంది. పైన వేసింది. పెద్ద మేకప్పు కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు, వద్దని కూడా అనలేదు.

సినిమా మళ్లీ విడుదలైంది. షాటులో కుదుపులు అలాగే ఉన్నాయి. పత్రికల్లో ముసలావిడ ఫోటో వేశారు, ఓనరు పక్కన నిలబడి తన ఫోటో కూడా వేయించుకున్నాడు. తండ్రి ఫోన్ చేస్తే ఇప్పుడు చుక్కలమ్మ ఎత్తుతోంది. అరుచుకుంటారు, పెట్టేస్తారు, రెండు రోజులు పోయాక మళ్లీ ఆయనే చేస్తాడు. తల్లి ఫోన్ మాత్రం ఎత్తడం లేదు. తల్లి చేయడం మానలేదు.