నల్ల చీటీలు

లక్ష్మణమ్మ ముప్పై ఒక్క ఏళ్లు కాలిన ఒళ్లకు కట్లు కట్టింది. నర్సుగా చేరిన కొత్తలోనే ఆమెను ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డులో వేశారు. అక్కడికి పోతామనే వాళ్లు లేక, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు గజపతినగరంలో అన్న కొడుకు ధర్మేంద్ర ఇంట్లో ఉంటోంది. అతనికి మెయిన్ రోడ్డు మీద ఎరువుల దుకాణం.

ఆ మే నెలలో సరిహద్దు భగ్గుమన్నాక దుకాణం ముందు జనం ఫోన్లు పట్టుకుని గుమిగూడేవారు. ఎక్కడ ఏం కూలిందో క్రికెట్ స్కోరులా చెప్పుకునేవారు. లక్ష్మణమ్మ క్యారేజీ తెచ్చిన మధ్యాహ్నం, ధర్మేంద్ర అవతలి దేశపు నగరం పేరొకటి చెప్పి అన్నాడు:

"దాని మీద అణుబాంబు ఒక్కటి ఏసేస్తే పీడ పోద్ది కదా అత్తా."

ఆమె బస్తా మీద కూర్చుంది. ఎప్పుడో బాణసంచా షెడ్డు పేలి పదకొండు మందిని ఒకే ఉదయం తెచ్చిన సంగతి చెప్పింది. వార్డులో మంచాలు నాలుగు. మధ్యాహ్నానికే కట్టుగుడ్డ అయిపోతే బట్టల కొట్టు నుంచి తెల్ల తాను తెప్పించి చింపారు. సెలైన్ పెడదామంటే నరం దొరకలేదు. అందరూ నీళ్లే అడిగారు. వారం తిరిగేసరికి ఇద్దరు మిగిలారు.

"పదకొండు మందికే మా సేత కాలేదురా. నువ్వు సెప్పిన ఊల్లో లచ్చల మంది ఉన్నారు. ఆలకి కట్లు ఎవులు కడతారు?"

"మరి ఆలే ముందు విశాఖపట్నం మీద ఏస్తే?"

విశాఖలో ఆమె కూతురు రేఖ, రేఖ పిల్లలిద్దరూ ఉన్నారు. లక్ష్మణమ్మ క్యారేజీ అతని ముందుకు జరిపింది.

"అప్పుడు నాకూ ఏసేయాలనే ఉంటాది. అందుకే బయమేస్తంది."

రెండు రోజులకు కాలేజీ మైదానంలో, బాంబు పడితే ఏం చేయాలో నేర్పే మాక్ డ్రిల్ పెట్టి, పాత నర్సని ఆమెనూ పిలిచారు. త్రినాథ్ అనే కుర్ర డాక్టరు రంగు చీటీలు చేతిలో పెట్టాడు. ఎర్రది ముందు తీసుకెళ్లాల్సిన వాళ్లకు, పచ్చది ఆగగలిగిన వాళ్లకు, నల్లది ఇక వదిలేయాల్సిన వాళ్లకు. పెద్ద బాంబైతే నల్లవే ఎక్కువ పడతాయని మెల్లగా చెప్పాడు.

సైరన్ మోగింది. గాయపడ్డట్టు పడుకున్న వాళ్లలో ధర్మేంద్ర కూడా ఉన్నాడు. అతని గుండె మీది అట్ట మీద 'ఒళ్లంతా కాలింది' అని రాసి ఉంది. ఆమె ఒక్క క్షణం నిలబడి, వంగి, అతని మణికట్టుకు నల్ల చీటీ కట్టింది. నీళ్లయినా ఇవ్వవా అని అతను నవ్వాడు. ఆమె ఆగకుండా పక్క మనిషి దగ్గరకు వెళ్లింది. స్ట్రెచర్లు అతన్ని దాటుకుంటూ పోయాయి. అరగంటసేపు ఆ ఎండలో ఎవరూ అతని వైపు చూడలేదు. నవ్వు ఎప్పుడు పోయిందో అతనికే తెలియలేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అడిగాడు.

"నిజంగా అలాగైతే నన్నొదిలేస్తావా అత్తా?"

"ఒదిలేస్తాను."

అతను కంచం పక్కకు జరిపేశాడు.

కొన్నాళ్లకు కాల్పులు ఆగాయి. దుకాణం ముందు మాటలు మాత్రం ఆగలేదు. ఈసారి మనవాళ్లు వదిలిపెట్టరని ఒకడంటే, వదలకూడదని ఇంకొకడన్నాడు. ధర్మేంద్ర తలెత్తకుండా విత్తనాలు తూచాడు. ఆ వారమే లక్ష్మణమ్మ బట్టలు సర్దుకుంది. రేఖ దగ్గరకు వెళ్లి ఉంటానంది. రేఖనే ఇక్కడికి రప్పించాలి గానీ నువ్వక్కడికి పోవడమేమిటని అతను అడ్డుపడ్డాడు.

"ఏదైనా పడితే కట్లు కట్టే మనుసులు అక్కడే కావాల," అని చెప్పి ఆమె విశాఖ బస్సెక్కింది.