ముసలమ్మ డోలు, ముగ్గురు అభ్యర్థులు

కోర్లేషీ చేపలరేవు వీధి గోడ మీద ఆ ఏప్రిల్ నెలంతా నాలుగు ముఖాలు వరసగా నవ్వుతూ ఉండేవి. మూడు ముఖాలు పట్టణ సభ ఉపఎన్నికలో నిలబడ్డవాళ్ళవి. నాలుగోది అడ్జేలీ ముసలమ్మది. ఆవిడ నెల మొదట్లో పోయింది. ఖననం ఏ శనివారమో కింద పెద్ద అక్షరాల్లో అచ్చేసి, ఆవిడ కూతురు ఓడార్లీయే స్వయంగా జిగురు రాసి అంటించింది.

ఆ గోడ కిందే ఓడార్లీ కెంకీ ముద్దలు అమ్మే బల్ల. మినీబస్సు నడిపే బోర్టే పొద్దున్నే వచ్చి, రెండు కెంకీ ముద్దలూ ఒక వేయించిన చేపా తీసుకుని, గోడ వైపు చూపించాడు.

"నా ఓటు మీ అమ్మకే అక్కా. నలుగురిలో ఏ వాగ్దానమూ చెయ్యనిది ఆవిడొక్కతే."

"వేసేయ్. గెలిస్తే ఆవిణ్ణి లేపి ప్రమాణం చేయించే పని మాత్రం నీదే," అంది ఓడార్లీ, మిరప ముద్ద మీద ఉల్లిపాయలు తరిగి పోస్తూ. ఆమె నవ్వకుండానే నవ్విస్తుంది. యాభై రెండేళ్ళలో ఏడుస్తుండగా ఆమెను చూసినవాళ్ళు తక్కువ.

ఆ బల్ల తల్లి పెట్టింది. మొక్కజొన్న మూడు రోజులు నానబెట్టి, రుబ్బించి, పులియబెట్టి, సగం పిండి ఉడికించి, మిగతా సగం పచ్చిది అందులో కలిపి, కండె పొరల్లో చుట్టి ఆవిరి పట్టడం ఓడార్లీకి ఏడో ఏటే వచ్చు. పిండి ఎంత పులిసిందో మూత తియ్యకుండానే వాసన పట్టి చెబుతుంది. చదువు మాత్రం నాలుగో తరగతితో ఆగింది. పేపరు చదవదు కానీ పేపరులో ఏముందో ఆమెకు తెలిసినంత బాగా చదివినవాళ్ళకు తెలియదు. తినేవాళ్ళు మాట్లాడతారు, ఆమె వింటుంది.

అడ్జేలీ ముసలమ్మ వారానికి ఆరు రోజులు పొయ్యి దగ్గరా, ఏడో రోజు గుట్ట మీది చర్చిలో డోలు దగ్గరా బతికింది. ఆడవాళ్ళు డోలు ముట్టని రోజుల్లో, డోలు కొట్టేవాడు జ్వరంతో రాని ఒక ఆదివారం, పాట మధ్యలో పుస్తకం మూసి వెళ్ళి డోలు ముందు నిలబడింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు దాన్ని ఇంకొకరికి ఇవ్వలేదు. ఒకే మొద్దు తొలిచి చేసిన డోలు అది, ఆవిడ నడుమంత ఎత్తు. చివరి రోజుల్లో కూతుర్ని దగ్గరికి పిలిచి రెండే కోరికలు చెప్పింది.

"నన్ను ఆ చలిపెట్టెలో ఎక్కువ రోజులు ఉంచకే. పొయ్యి పక్కన బతికినదాన్ని, చలి నాకు పడదు. రెండోది, నా డోలు నా వెనకాల మోగాలి, గొయ్యి దాకా."

రెండూ చిన్న కోరికలే. రెండూ ఒకేసారి తీర్చలేని రోజు ఎంచుకున్నది ఓడార్లీయే.

ఏటా ఊరి పాత దేవతల పూజారుల ఇంటివాళ్ళు సజ్జలు చల్లుతారు. చల్లిన సోమవారం నుంచి నెల రోజులు ఊళ్ళో డోలు మోగకూడదు, చప్పట్లు వినిపించకూడదు, మైకులు పలకకూడదు. గింజ నిశ్శబ్దంలో మొలకెత్తాలి. ఆ చల్లే చెయ్యి ఓడార్లీ మేనమామ ఓక్పోటీది. ముసలమ్మకు తోడబుట్టిన అన్న. సొంత మేనమామనే రోజు అడిగి ఉంటే సరిపోయేది. కానీ సజ్జలు చల్లే మనిషి చెవిలో చావు మాట పడకూడదు. శవం చూడకూడదు, ఖననం గురించి వినకూడదు. అందుకే ఓడార్లీ అడగలేదు. పోయినేడు మే నడుమ చల్లారు కదా అని లెక్కేసుకుని, దానికి ముందు శనివారానికి పోస్టర్లు వేయించేసింది. ఈ ఏడు పూజారుల లెక్క ఒక వారం ముందుకొచ్చింది. సజ్జలు సోమవారం, ఖననం ఆ వెంటనే వచ్చే శనివారం.

ముందుకు జరుపుదామంటే, నిశ్శబ్దానికి ముందే కానిచ్చేద్దామని ఊళ్ళో అందరూ ఆత్రపడటంతో చర్చిలో శనివారాలన్నీ నిండిపోయాయి. వెనక్కి జరిపితే నిశ్శబ్దం, దాని వెనకే ఖననాలు ఆపే పంట పండగ, మొత్తం ఆగస్టు దాకా తల్లి చలిలో ఉండాలి.

ఇక తప్పక ఓడార్లీ మామ దగ్గరకు వెళ్ళింది. పూజారుల ఇంట్లో చావును చావనకుండా మాట ఎలా ఆడాలో ఆమెకు తెలుసు.

"మామా, అమ్మ ఊరెళ్ళింది కదా."

"ఆఁ. విన్నాను, చాలా దూరం ఊరు," అన్నాడు ఓక్పోటీ. తెల్లబట్టలో, తెల్ల టోపీతో, చెప్పుల్లేకుండా, పీట మీద కూర్చుని ఉన్నాడు.

"సామాను శనివారం పంపుదామనుకున్నాం. డోలుతో పంపమంది."

ముసలాయన తన అరచేతులు చూసుకున్నాడు. "దానికి డోలు నేర్పింది నేనే. చేపల పీపా బోర్లించి, ఇద్దరం చెరో పక్కా కూర్చునేవాళ్ళం. నాకంటే బాగా కొట్టేదని ఏడ్చేవాణ్ణి." తర్వాత అన్నాడు: "నా చేత్తో గింజ చల్లి, నా ఇంటి డోలు మాత్రం మోగించుకోమంటే, రేపు ఎవరి గుమ్మం ముందు నిలబడి ఆపమంటానే? నన్ను అడక్కు తల్లీ. అడిగితే నేను కాదనాలి."

మామ కాదనక ముందే ఆమె లేచి వచ్చేసింది.

ఇక మిగిలింది ఎన్నికలే. ఎందుకంటే మౌన మాసంలో డోళ్ళు లాక్కునేది పూజారులు కాదు, పట్టణ సభ బండి. పసుపు కోట్లు వేసుకున్న సభ మనుషులు పూజారుల ఇంటి కుర్రాళ్ళను వెంటబెట్టుకుని చర్చిల చుట్టూ తిరుగుతారు. ఆ బండి తిరగాలా వద్దా అన్నదే ఈసారి ఎన్నికల్లో పెద్ద గొడవ. అది తన కోసమే పెట్టిన గొడవలా అనిపించింది ఓడార్లీకి. సజ్జలు చల్లడానికి నాలుగు రోజుల ముందే ఓట్లు పడతాయి.

తన బల్ల దగ్గర తిన్న ప్రతివాణ్ణీ ముగ్గురి గురించీ అడిగింది. ఎవరేం చెప్పినా గుర్తు కోసం బల్ల అంచున మనిషికొకటిగా మూడు కెంకీ ముద్దలు విడిగా పెట్టుకుంది. పూట చివర్లో వాటిని చూస్తూ, "ఈయన ఇలా అన్నాడు, ఈవిడ అలా అంది" అని తనలో తాను నెమరేసుకునేది. ఒకసారి బోర్టే పరధ్యానంగా మధ్య ముద్ద ఒలిచి తినేశాడు.

"ఒరే, నువ్వు తిన్నది పడవల అషిటేని."

"అందుకే కాస్త గట్టిగా ఉన్నాడు," అన్నాడు బోర్టే.

ఎన్నికల అధికారి ముగ్గురినీ బడి ఆవరణలో ఒకే పందిరి కింద కూర్చోబెట్టి మాట్లాడించిన రోజు, ఓడార్లీ బల్ల మూసి వెళ్ళింది.

టీచర్ అమార్తే ముందు లేచాడు. సన్నటి మనిషి, గొంతు మెత్తన. "సభ పని నీళ్ళు, మురుగు కాలవ, చెత్త. ఏ దేవుడికి ఏ చప్పుడు నచ్చదో చూసిపెట్టడం సభ పని కాదు. చర్చి కోసమైనా, మసీదు కోసమైనా, పూజారుల ఇంటి కోసమైనా మన బండి కాపలా తిరగకూడదు," అన్నాడు.

పడవల యజమాని అషిటే కుర్చీలోంచి సగమే లేచాడు. "టీచరుగారికి ఇది మతంలా కనబడుతోంది. ఇది మతం కాదు, ఈ నేల పద్ధతి. మిగతా పదకొండు నెలలూ చర్చిలవాళ్ళు మోగిస్తుంటే మనం అడ్డం వెళ్ళామా? ఊరు తన పద్ధతిని కాపాడుకోకపోతే ఇక సభ ఎందుకు?"

బట్టల వ్యాపారం చేసే అక్వేలే మేడమ్ ఇద్దరి వైపూ చెరోసారి చూసి, "ఇద్దరూ సగం సగం చెప్పారు. ప్రభుత్వం ఎవర్నీ వదిలెయ్యకూడదు. పాస్టర్లూ పూజారులూ ఇమాములూ కూర్చునే సంఘం ఒకటి సభే పెట్టాలి. చప్పుడు కొలిచే యంత్రం కొనాలి. దరఖాస్తు పెట్టినవాళ్ళకి అనుమతి ఇవ్వాలి," అంది.

ముగ్గురికీ చప్పట్లు పడ్డాయి. ముగ్గురి మాటా సబబుగానే ఉంది, అదే వచ్చిన చిక్కు అనుకుంది ఓడార్లీ. ప్రశ్నలడగమన్నప్పుడు లేచి నిలబడింది.

"అయ్యా, అమ్మా. మా అమ్మ మార్చురీలో ఉంది. సజ్జలు చల్లిన వారంలోనే, శనివారం తీసుకెళ్తాం. ఆవిడ డోలు వెనకాల కొట్టొచ్చా, కూడదా? అంతే."

"సూత్రప్రకారం అది మీ హక్కు," అన్నాడు టీచరు.

"సూత్రం సరేనండీ. శనివారం మాట చెప్పండి."

టీచరు నీళ్ళు తాగాడు. "చివరికి అది కోర్టులో తేలాలి."

"సజ్జలు చల్లేది నీ మేనమామేగా," అన్నాడు అషిటే. "ఇంట్లో అడక్కుండా మమ్మల్ని అడుగుతావేంటమ్మా?" పందిరంతా నవ్వింది. ఆయన వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. ఆమె అక్వేలే వైపు తిరిగింది.

"దరఖాస్తు పెట్టు అక్కా. సంఘం ఏర్పడగానే మొదటిది నీదే," అంది అక్వేలే.

"ఎప్పుడు ఏర్పడుతుంది?"

"తొందరపడితే జూలైలో."

తిరిగొస్తుంటే బోర్టే అన్నాడు: "ముగ్గురూ నిన్ను ఎక్కించుకుని ఊరంతా తిప్పి, ఎక్కిన చోటే దించారక్కా. చార్జీ మాత్రం తీసుకోలేదు."

ఓడార్లీ టీచరుకే ఓటేసింది. పదకొండు ఓట్ల తేడాతో ఆయనే గెలిచాడు. ఆ పదకొండులో తనదొకటని ఆమె రోజంతా తేలికగా తిరిగింది. మర్నాడు వేడి కెంకీ ఆకులో చుట్టి ఆయనింటికి తీసుకెళ్ళింది. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మంచి మనిషి. అందుకే అబద్ధం చెప్పలేకపోయాడు.

"నేనింకా ప్రమాణం చెయ్యలేదక్కా, అది వచ్చే నెలలో. చేసినా నలభైమందిలో ఒకణ్ణి. బండి ఆపాలంటే తీర్మానం కావాలి. తీర్మానం పెడతాను. కానీ శనివారానికి..." ఆయన కెంకీ పొట్లం పక్కన పెట్టాడు. "నేను మాత్రం వస్తాను. మీతో నడుస్తాను."

చర్చిలో పాస్టర్ క్వాయే మాత్రం తడుముకోలేదు. "కొట్టండి. మనకు ఏ పూజారి అనుమతీ అక్కర్లేదు."

"మీరు డోలు పక్కన నడుస్తారా అయ్యగారూ?"

"ఆ శనివారం నాకు చర్చిల మహాసభ ఉందమ్మా. సహాయ పాస్టర్‌ని పంపుతాను."

సోమవారం ఓక్పోటీ సజ్జలు చల్లాడు. ఊరు గొంతు తగ్గించుకుంది. రొట్టెలమ్మేవాడు గంట కొట్టకుండా గుమ్మాల దగ్గర నిలబడి దగ్గాడు.

శనివారం తల్లిని తీసుకొచ్చారు. ఓడార్లీ చివరికి డోలు కొట్టించలేదు. మామను నలుగురిలో కాదనే స్థితికి తెచ్చేందుకు ఆమెకు మనసు రాలేదు. డోలును తెల్లబట్టలో చుట్టి, బోర్టే తల మీద పెట్టించింది. కనీసం వెనకాల వస్తుంది కదా అనుకుంది. చర్చి ఆడవాళ్ళు వరసగా నడిచారు. ఎవరూ చెప్పకుండానే వాళ్ళ అడుగులు ముసలమ్మ కొట్టే దరువులో పడ్డాయి, రెండు నెమ్మదివి, మూడు తొందరవి. ఇసుకలో ఆ చప్పుడు పెద్దగా లేదు.

పూజారుల ఇంటి గోడ పక్కగా వెళ్తున్నప్పుడు ఓడార్లీ తలెత్తింది. గోడ పైన తెల్ల టోపీ కొస ఒకటి కనబడింది. ఆ టోపీ ఇటు తిరగలేదు. శవపేటిక ఎంత నెమ్మదిగా వెళ్తే అంత నెమ్మదిగా, గోడకు అవతల, వాళ్ళతో పాటే కదిలింది. గోడ అయిపోయిన చోట ఆగిపోయింది.

శ్మశానం మలుపులో సభ బండి ఉంది.

"కొట్టలేదు బాబూ. చూడు, బట్ట కట్టే ఉంది," అంది ఓడార్లీ.

"మోస్తున్నారుగా అమ్మా," అన్నాడు పసుపు కోటు మనిషి. అతనూ ఆమె దగ్గర కెంకీ తినేవాడే, కళ్ళు కలపలేకపోయాడు. "వీధిలో డోలు కనబడితే తెమ్మన్నారు. నా చేతిలో ఏముంది చెప్పు."

టీచర్ అమార్తే ముందుకొచ్చాడు. ప్రభుత్వం ఎక్కడ ఆగాలో, దేవుడు ఎక్కడ మొదలవుతాడో, పందిరిలో చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు. ఆ మనిషి చేతులు కట్టుకుని మర్యాదగా ఆసాంతం విన్నాడు. విని, "ప్రమాణం అయ్యాక ఆఫీసుకి రండి సార్, మాట్లాడదాం," అని, బోర్టే తల మీది డోలు రెండు చేతులా దించుకున్నాడు. బండి ఇంజను కూడా చప్పుడు రాకుండా, వాలులో దొర్లిస్తూ తీసుకెళ్ళాడు.

ఆ తర్వాత ఆడవాళ్ళ అడుగులు కలవలేదు. మిగతా దూరం ఎవరి నడక వాళ్ళు నడిచారు.

మౌన మాసం అయిపోయింది. లాక్కున్న డోళ్ళు ఇచ్చేస్తున్నారని విని ఓడార్లీ సభ ఆఫీసుకి వెళ్ళింది. పూజారుల ఇంటి నుంచి మాట రావాలన్నారు. పూజారుల ఇంట్లో, "తీసుకుంది సభ, మేమెలా ఇస్తాం" అన్నారు. ఆ రోజు ఓక్పోటీ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. మిగతా చర్చిలవాళ్ళు సంతకాలు పెట్టించుకుని తమవి తెచ్చుకున్నారు. ఇది చర్చిలో దొరికిన డోలు కాదు, వీధిలో దొరికింది, కాబట్టి దేని కింద రాయాలో గుమాస్తాకి తెలియలేదు. పాస్టరేమో పూజారుల సంతకం ఉన్న కాగితం మీద తన సంతకం పెట్టనన్నాడు. టీచరు పెట్టిన తీర్మానం పరిశీలనలో ఉంది. అది కదిలితే అన్నీ కదులుతాయని, ఆ మాట తనే నమ్మనట్టుగా, ఆయన చెప్పాడు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం ఓడార్లీ బల్ల సర్దాక రెండు కెంకీలు పొట్లం కట్టుకుని, డోలు ఉంచిన సభ పెరట్లోకి వెళ్తుంది. అక్కడి కాపలా ముమూని ఉత్తరాది మనిషి. శుక్రవారం నమాజు చేసుకుని వచ్చి గేటు తీస్తాడు.

"బయటికి తీసుకెళ్ళకూడదు పెద్దమ్మా," అంటాడు, ప్రతిసారీ.

"తెలుసులే నాయనా. తిను."

రేకుల కప్పు ఒక పక్క కారుతుంది. ఇద్దరూ కలిసి డోలును పొడిగా ఉన్న వైపు జరుపుతారు. ఓడార్లీ బట్ట విప్పి, తోలు మీద చెయ్యి పెట్టి, బిగువు ఎంత తగ్గిందో చూస్తుంది. పోయిన వారం వేలు నొక్కితే సొట్టపడి, తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

"ఒకసారి కొట్టుకో పెద్దమ్మా, ఇప్పుడు కొట్టొచ్చుగా," అన్నాడు ముమూని.

ఆమె తోలు మీంచి చెయ్యి తీసింది. "ఇక్కడెందుకులే," అని, బట్ట మళ్ళీ చుట్టి, ముడి వేసింది.