విజిల్‌లో కాపురం పెట్టిన కందిరీగ

మొన్న టాటానగర్ స్టేషన్లో ఒక కందిరీగ నా పరువెలా తీసిందో వినండి. చెప్పే ఓపిక లేదు. కానీ ఇంకొకరి నోట వింటే ఇంకా పెద్దదిగా వింటారు.

నేను ప్యాసింజరు బండి గార్డుని. ముందు విజిల్ ఊదాలి, తర్వాతే పచ్చజెండా ఊపాలి. ఊదకుండా ఊపాడని నా తోటి గార్డు అప్పారావు మీద ఒకసారి నేనే రిపోర్టు రాశాను. ఇద్దరిదీ శ్రీకాకుళం పక్కే. అయినా రూలు రూలే.

సెలవు మీద ఊరెళ్తూ, ఎవరూ ఎంగిలి చేయకుండా నా విజిల్‌ని క్వార్టర్ కిటికీ పైన మేకుకి తగిలించాను. తిరిగొచ్చి జేబులో వేసుకున్నాను. ఊది చూడలేదు. నా వస్తువుకి పరీక్షేమిటని ధీమా!

సిగ్నల్ పడింది. ఊదాను. చప్పుడు లేదు. బుగ్గలు పొంగేలా ఊదాను. ఊహూఁ! అడ్డేదో ఉందని గట్టిగా పీల్చాను. నోటినిండా మట్టి, పచ్చటి పురుగులు!

పక్క ప్లాట్‌ఫారం నుంచి అప్పారావు పరిగెత్తుకొచ్చి పిన్నుతో కెలికాడు.

"కందిరీగ గూడెట్టీసింది బావా! పాపం, పిల్లకని పురుగులు దాసుకుంది. నువ్వు తినీసినావు!"

"గార్డ్ సాబ్, గాడీ చలేగీ కి నహీఁ?" అని, బండి కదుల్తుందా లేదా అంటూ జనం అరుపులు. ముందు బొగ్గు ఇంజను బుసలు కొడుతోంది.

"జెండా ఊపీ బావా, ఎవుడు సూత్తాడు?"

"ఊదకుండా ఊపను."

"అయితే నాది ఊదు."

ఖైనీ కంపు కొడుతున్న విజిల్ చేతిలో పెట్టాడు. ఖైనీ మానమని ఆ మనిషికి నేను చేయని బోధ లేదు. కళ్లు మూసుకుని ఊదాను. బండి కదిలింది, పది నిమిషాలు లేటుగా.

లేటుకి కారణం గార్డే రాయాలి. "ఇంజన్ నీళ్లు పట్టిందని రాసీ!" అని వెనకనుంచి అప్పారావు కేక. అబద్ధం రాస్తానా? 'గార్డు విజిల్‌లో కందిరీగ గూడు' అని రాసి సంతకం పెట్టాను. బండి దిగి కాగితం ఇచ్చాను. ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివి, నన్ను ఎగాదిగా చూసి, తాగి ఉన్నానేమో తేల్చమని డాక్టరు దగ్గరికి పంపాడు. టీ కూడా ముట్టని నన్ను!

"ఊదండి" అన్నాడు డాక్టరు, ముఖం దగ్గరగా పెట్టి. ఊదాను. ఆయన చటుక్కున వెనక్కి జరిగాడు. 'తాగలేదు' అని రాశాడు. కాసేపు ఆలోచించి కింద ఇంకో ముక్క చేర్చాడు: 'ఖైనీ మానవలెను.'