ఉప్పు పట్టిన గిటార్

మకాయో బావ మా దీవిలోని హీలో అనే రేవులో చక్కెర బస్తాలు మోసేవాడు. పెళ్లిళ్లలో గిటార్ వాయించేవాడు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తీగల మీద ఉక్కుకడ్డీ జారుస్తూ వాయించే నల్లటి కరెంటు గిటార్ అది. దాన్ని తుడిచే గుడ్డను మా అక్క లూయికా విడిగా ఉతికేది.

"నాకంటే దీనికే మర్యాద ఎక్కువ," అనేది.

"అది ఎదురు మాట్లాడదుగా," అనేవాడు బావ.

పందొమ్మిది వందల నలభై ఆరు ఏప్రిల్లో ఒక పొద్దున సముద్రం అడుగు కనిపించేంత వెనక్కి పోయింది. ఉప్పెన రాబోతోందని పెద్దవాళ్లకు తెలిసిపోయింది. అక్క చంటిదాన్ని ఎత్తుకుని నేను ముందు, కాలు విరిగిన మా అమ్మను వీపున మోస్తూ బావ వెనక, గుట్ట ఎక్కుతున్నాం. అక్క ఆగిపోయింది.

"గిటార్ ఉండిపోయింది."

"పోతే పోయింది, రా!"

అక్క వినలేదు, వెనక్కి పరుగెత్తింది. అమ్మను దించేసి వెళ్లలేక బావ అరుస్తూ నిలబడ్డాడు.

నీళ్లు తీశాక, కూలిన పడవల కొట్టం కింద అక్క దొరికింది. గిటార్ పెట్టె పట్టీ చేతికి చుట్టుకునే ఉంది.

బావ ఆ పెట్టెను పెరటి కొట్లో పడేశాడు. మూత కూడా తియ్యలేదు. చాలా ఏళ్ల తర్వాత అమ్మే అడిగింది.

"నన్ను మోస్తూ నువ్వు ఆగిపోయావు. ఆ మాట నేనూ ఎత్తలేదు, నువ్వూ ఎత్తలేదు. కానీ నా కూతురు దేనికోసం వెళ్లిందో దాన్ని తుప్పుకు వదిలేస్తావా నాయనా?"

మర్నాడు బావ పెట్టెను రేడియోలు బాగుచేసే హనాడా దగ్గరికి తీసుకెళ్లాడు. తీగలు ముట్టుకుంటే పొడైపోయాయి. మరలు బిగుసుకుపోయాయి. తీగల మోతను పట్టే లోపలి రాగి తీగచుట్ట పచ్చగా చిలుము పట్టి ఉంది. పైనున్న నల్ల ఒంటికి మాత్రం ఏమీ కాలేదు.

"చుట్ట కొత్తగా చుడతాను. కానీ గొంతు మునుపటిలా రాదు మకాయో, గరగరమంటుంది," అన్నాడు హనాడా.

"అననీ."

బాగై వచ్చాక మా వసారాలో వాయించాడు, అక్కకు ఇష్టమైన పెళ్లిపాట. బొంగురుగా లేచింది. సగం దాకా విని అమ్మ చెయ్యెత్తింది.

"చాలు నాయనా. ఇంక నా వల్ల కాదు."

బావ కడ్డీ పక్కన పెట్టాడు. నేనూ అక్క కూతురూ చేమదుంప ముద్ద, ఎండుచేప తెచ్చాం. అక్క పోయిన రోజు కూడా ఏడవని మనిషి, తింటూ తింటూ ఏడ్చాడు. అమ్మ ముళ్లు ఏరి చేపముక్కలు ఆయన వైపు జరుపుతూ కూర్చుంది.

బావ మళ్లీ పెళ్లిళ్లకు వెళ్లలేదు. ఆదివారాలు మా వసారాలో ఆ ఒక్క పాటే వాయించేవాడు. అమ్మ ఎప్పుడూ సగంలోనే ఆపించేది. మిగతాది వినమని ఆయనా ఎన్నడూ అడగలేదు.