పాప అవతలి దిబ్బ మీద

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క మా ఊరి బస్సు ఆగిపోయింది. మృగశిర కార్తె వానకు వంక పొంగి బండిబాట కూడా తెగింది. నన్నూ, అయిదు నెలల పాపనూ పుట్టింటి నుంచి కర్నూలు తీసుకుపోవడానికి వచ్చిన మామగారు, తుంగభద్రలో పుట్టి మీద పోదామన్నారు.

పుట్టి అంటే తోలు కప్పిన పెద్ద వెదురుబుట్ట. ఏటిలో ఇసుకదిబ్బలు ఎక్కువ. మడుగు ఉన్నంత దూరం పుట్టిలో కూర్చోవాలి. దిబ్బ రాగానే దిగి, పుట్టివాడు దాన్ని నెత్తిన బోర్లించుకుని నడుస్తుంటే వెనకాలే నడవాలి. అవతల మళ్లీ ఎక్కాలి. పడమటి గాలి ఉంటే వెదురుకర్రకు గొంగడి కట్టి తెరచాపలాగా ఎత్తుతాడు. అలా దిబ్బ నుంచి దిబ్బకు, పొద్దు గుంకేలోపల కర్నూలు.

అంతకు ముందు మూడు రాత్రులు పాప నన్ను పడుకోనివ్వలేదు. మూడో దిబ్బ దాటేసరికి ఇసుకలో కాలెత్తి వేయడమే కష్టమైంది. మాతో వస్తున్న సాయిబులామె గాజులమ్మే మనిషి. ఏడాది నిండని కొడుకు చంకలో ఉన్నాడు. "ఇట్లియ్యమ్మా, కూలబడేటట్లుండావు" అని పాపను కూడా తనే ఎత్తుకుంది.

నాలుగో దిబ్బ తర్వాత మడుగు లోతు. మామగారి గుడ్డల మూటతో సహా అందరూ ఒక్కసారి ఎక్కితే మునుగుతుందని, రెండు తడవలుగా దాటిస్తానన్నాడు పుట్టివాడు. గాజులామె ఇద్దరు పిల్లలతో అప్పటికే ఎక్కి కూర్చుంది.

"బిడ్డ నిద్ర పోతాంది. లేపితే ఏడుస్తాది. ఉండనీ తల్లీ, ఇట్ల పోయి అట్ల వస్తా" అన్నాడు.

సరేనన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చేతులు ఖాళీ అయ్యాయని సంతోషించాను. ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

గొంగడి గాలికి ఉబ్బి, చూస్తుండగానే పుట్టి అవతలి దిబ్బ చేరింది. ఆ తర్వాత గాలి హెచ్చింది. తిరిగి రాబోతే పుట్టి గిరగిరా తిరిగి మళ్లీ ఆ దిబ్బకే కొట్టుకుపోయింది. రెండోసారీ అంతే. పుట్టివాడు తెడ్డు పక్కన పెట్టి కూర్చున్నాడు.

మామగారు మూట మీద గొడుగు పట్టుకుని కూర్చున్నారు. "బియ్యే చదివితివి. తోసుకపోయిన గాలి తిరిగి రానీదని తెల్ల్యా?"

"మీకు తెలుసు గదా మామా. మీరూ చెప్పలేదే."

ఆయనకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. "నేను మూట సంగతి చూసుకుంటాంటి" అన్నారు మెల్లగా.

పాలు పట్టే వేళ అయింది, దాటింది. రవిక తడిసి ఒంటికి అంటుకుంది. అవతల గాజులామె గాలికి వీపు తిప్పి కూర్చుంది. ఇసుక దుమ్ములో పిల్లలు కనబడలేదు. ఏడుపూ వినబడలేదు. నేను లేచి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాను.

"రా బయటికి!" మామగారు అరిచారు. "నువ్వు పోతే ఆ బిడ్డకెవరుండారు?"

తిరిగొచ్చి కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. నీడలు సాగాక గాలి తగ్గి పుట్టి వచ్చింది. పుట్టివాడు నా మొహం చూడలేదు.

అవతల పాప నిద్రపోతోంది. పెదవి అంచున పాలచుక్క ఎండి ఉంది.

"ఏడ్చిందా?"

"ఏడ్వకుంటాదా? గుక్క పట్టె. నాకాడ పాలుండాయి, ఇచ్చినా. తప్పయితే అనమ్మా."

నా మనసు తేలిక చేయాలనేమో ఆమె నవ్వింది. "మాలో ఒక తల్లి పాలు తాగితే తోడబుట్టినోళ్ల కిందే లెక్క. మావానికి చెల్లెలాయె. ఇంక వీళ్లకు పెళ్లి చేద్దామన్నా కుదరదులే!"

పుట్టివాడు పకపకా నవ్వాడు. మామగారు నవ్వలేదు. మూట ముడి రెండుసార్లు బిగించి, "ఇంట్లో మీ అత్తకు చెప్పే పనేం లేదు" అన్నారు.

పాపను లేపి రొమ్ముకు పట్టాను. కడుపు నిండిన పిల్ల మొహం తిప్పుకుంది. నాకేమో రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. మగవాళ్లకు దూరంగా పోయి ఇసుకలోకి పిండుకున్నాను. గాజులామె పైట చాపి, నాకు అడ్డంగా నిలబడింది. పిండిన పాలు పిండినట్టే ఇసుక పీల్చేసింది. అప్పుడు ఏడ్చాను.

ఇంకా రెండు దిబ్బలున్నాయి. మొదటిదాని మీద దిగుతూ ఇసుకలో తూలాను. ఆమె పాప కోసం చేతులు చాపింది. ఇవ్వలేకపోయాను. ఇంతసేపూ ఆ బిడ్డను కాపాడిన చేతులవే. అయినా ఇవ్వలేకపోయాను.

ఆమె నా భుజానున్న సంచీ తీసుకుని ముందు నడిచింది.