రొట్టె పళ్ళెం పట్టిన చేతులు

డేవిడ్‌రాజు ముప్పై ఏళ్లుగా ఆత్మకూరులో లేత్ మెషిన్ మీద బోరు మోటార్ల షాఫ్టులు తీస్తున్నాడు. ఉదయగిరి రోడ్డు మీదున్న మా ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కుతాడు. మా బాప్టిస్టు సంఘంలో పెద్ద కూడా ఆయనే. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు భోజనంలో అందరూ తలా ఒక ముక్క తీసుకునే రొట్టె పళ్ళెం పట్టుకుని వరుస వరుసకీ వచ్చేవాడు. ఆ పనంటే ఆయనకు ప్రాణం.

లేత్ మీద ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా పాలలా తెల్లగా ఉండే కూలెంట్ పారిస్తారు. ఆయన పనిచేసే షాపులో దాన్ని ఏళ్ల తరబడి మార్చిన పాపాన పోలేదు. తగ్గితే పైన నీళ్లు పోయడమే. సోమవారం షట్టరెత్తితే కుళ్లు కంపు. ఓనరు రామనారాయణను అడిగితే, "దినామూ కొత్తనీళ్లు పోస్తానే ఉండాము కదా, ఇంకేంది?" అనేవాడట. మహానుభావుడు!

అందులో నానీ నానీ డేవిడ్‌రాజు చేతులు దురదలు పెట్టి పగిలాయి. ఆపైన ఆయన చేసిన పొరపాటు ఒకటుంది. గ్రీజు మరకల చేతులతో ప్రభువు రొట్టె ముట్టకూడదని, ముందురోజు శనివారం కిరసనాయిలుతో రుద్ది రుద్ది కడిగేవాడు. భార్య లిదియమ్మ "చర్మం ఊడొస్తా ఉండాది, ఆపయ్యా" అని మొత్తుకున్నా వినలేదు.

ఒక ఆదివారం పళ్ళెంలోని తెల్లగుడ్డకు నెత్తురంటింది. "పెద్దరోగం, కుష్ఠు" అని వెనక ఎవరో గొణిగారు. పళ్ళెం నా దగ్గరికొచ్చింది. నేను పిల్లలకు సైన్సు చెప్పే పంతుల్ని. అయినా తల వంచుకున్నాను, రొట్టె తీసుకోలేదు. నా తర్వాత ఆ వరుసలో ఎవరూ తీసుకోలేదు.

నెల్లూరులో చర్మం డాక్టరు చూసి, ఇది కూలెంట్ వల్ల వచ్చింది, ఎవరికీ అంటదు, కిరసనాయిలు ముట్టవద్దు, పాత కూలెంట్ పారబోయించమని రాసిచ్చాడు. రామనారాయణ ఆ చీటీ చూసి "చూద్దాంలే" అన్నాడు. డేవిడ్‌రాజు దాన్ని ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి చూపించాడు. అందరూ చదివారు, అయ్యో అన్నారు. పళ్ళెం పట్టే పని మాత్రం ఆయన నుంచి తీసి నాకిచ్చారు. నేను వద్దనలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తర్వాతి నెల ఆయన చివరి వరుసలో, చేతులు కండువా కింద దాచుకుని కూర్చున్నాడు. పళ్ళెం చాపాను. చేతులు బయటికి తియ్యలేదు.

"మీరే నోట్లో పెట్టండి సారూ. నేను చెయ్యి పెడితే పక్కనోళ్లు తినరు" అన్నాడు.

ఆ చెయ్యి పట్టుకుని, అందరి ఎదుటా పళ్ళెంలో పెట్టించాల్సింది. ధైర్యం చాలలేదు. ముక్క తీసి ఆయన నోట్లో పెట్టాను.